విప్పి చూసిన నాయుడుగారు

బళ్ల పార్టులు విప్పి, తుప్పు గీకి, పౌడర్ కోటింగ్ చేసుకునే పిచ్చి మన కాలేజీలో కొంతమందికి ఉంది. కారు చక్రాలు, వాల్వ్ కవర్లు, బ్రాకెట్లు, బైకు స్టాండ్లు, ఏది చేతికి దొరికితే అది. నేనూ ఆ గుంపులో ఒకడిని. ఈ సంచికకి ఒక జీవిత కథ రాయమని క్లబ్ వాళ్లు అడిగారు. విజయనగరం, శ్రీకాకుళం పిల్లలం కాబట్టి గురజాడ గురించో, గిడుగు గురించో రాస్తే సరిపోతుంది. వాళ్లు మన ఇంటి మనుషులు. కానీ సిలిండర్ హెడ్డు ముందు కూర్చుని చేతులు నల్లగా చేసుకునే మాలాంటి వాళ్లకి తాత ఎవరా అని వెతికితే నాకు దొరికిన పేరు వేరు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు.

ఆయన జీవితమంతా కోయంబత్తూరు చుట్టూనే. మాతృభాష మాత్రం తెలుగు. అక్కడ అవినాశి రోడ్డు మీద 2025లో తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకి ఆయన పేరే పెట్టారు. మన వైపు మెకానికల్ క్లాసులో పదిమందిని అడిగితే ఇద్దరికి కూడా తెలుసో లేదో. ఎడిసన్ పేరు అందరికీ తెలుసు. భారతదేశపు ఎడిసన్ అని పిలిపించుకున్న తెలుగాయన పేరు తెలియదు. అందుకే రాస్తున్నాను.

కలంగల్ కుర్రాడు

దొరస్వామి 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఆ చుట్టుపక్కల ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. విజయనగర సామ్రాజ్యం రోజుల్లో, ఆ తర్వాత నాయకరాజుల రోజుల్లో దక్షిణానికి తరలిపోయి, అక్కడి నేలల్లో పత్తి పండించుకుంటూ స్థిరపడ్డవాళ్లు. ఆ విజయనగరం హంపీది లెండి, గంటస్తంభం ఉన్న మన విజయనగరం కాదు.

కుర్రాడికి చదువు ఒంటబట్టలేదు. బడిలో కూర్చోబెడితే పంతులు మీద ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్పుకుంటారు. ప్రాథమిక తరగతులు దాటకుండానే బడి మానేశాడు. తర్వాత పొలం పనుల్లో పడ్డాడు. ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే కలంగల్‌లో ఒక రైతు అయ్యేవాడు, అంతే. ఆ దారిలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది.

మూడు వందల రూపాయల బండి

లంకాషైర్ అనే ఇంగ్లీషు రెవెన్యూ అధికారి ఒకాయన ఆ వైపు పల్లెలకి రడ్జ్ మోటారు సైకిలు మీద వచ్చేవాడు. ఎద్దుబండి, గుర్రబ్బండి తప్ప ఇంకోటి ఎరగని ఊళ్లో, ఏ జంతువూ లాగకుండా దానంతటది పోయే బండిని చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందరూ నోరు తెరుచుకుని చూశారు. దొరస్వామి మాత్రం అది నాకు కావాలి అనుకున్నాడు. తొక్కడానికే కాదు, లోపల ఏముందో చూడడానికి.

డబ్బు లేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. ఇడ్లీ ప్లేట్లు మోసి, పైసా పైసా కూడబెట్టి, చివరికి ఆ దొర దగ్గరికి వెళ్లి 300 రూపాయలకి ఆ బండి కొన్నాడు. ఆ రోజుల్లో మూడు వందలంటే చిన్న మొత్తం కాదు. అంత పెట్టి కొన్న బండిని మనమైతే ఏం చేస్తాం? తుడుచుకుని, పూలదండ వేసి, నాలుగు వీధులు తిరుగుతాం. ఆయన నట్టు నట్టు విప్పేశాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ విప్పాడు. నేర్పేవాళ్లు లేరు, మాన్యువల్ ఉన్నా చదివే ఇంగ్లీషు లేదు. ఆ కాలపు రడ్జ్‌కి ఒకటే సిలిండరు, వెనక చక్రానికి బెల్టు. ఇప్పటి బైకుతో పోలిస్తే తేలికే. కానీ కార్బురేటరు అన్న మాటే వినని మనిషికి అది చిన్న విషయమా?

మా గుంపుకి ఈ ఘట్టం బాగా దగ్గరగా ఉంటుంది. కారణం చెప్తాను. పౌడర్ కోటింగ్ అంటే చాలామంది రంగు వెయ్యడం అనుకుంటారు. పని మొత్తంలో రంగు వేసే సమయం అయిదు నిమిషాలు. మిగతాదంతా విప్పడం, గీకడం, కడగడం. పాత పెయింటు రిమూవరుతో ఊడగొట్టాలి. తుప్పు ఇసుక బ్లాస్టింగుతోనో, వైర్ బ్రష్షుతోనో తియ్యాలి. నూనె జిడ్డు చుక్క కూడా లేకుండా కడగాలి. జిడ్డు ఉన్నచోట పౌడరు కరిగాక గుంటలు పడుతుంది. రబ్బరు బుష్షులు, బేరింగులు, సీళ్లు అన్నీ ఊడదియ్యాలి. మరల మీద, బేరింగు కూర్చునే చోట వేడికి తట్టుకునే టేపో, సిలికాన్ బిరడాలో పెట్టాలి. లేకపోతే పౌడరు పొర మందానికి బోల్టు ఎక్కదు. పోత అల్యూమినియం అయితే ముందు ఓవెన్‌లో వట్టిగా ఒకసారి కాల్చాలి. దాని రంధ్రాల్లో దాక్కున్న గాలి, నూనె ముందే బయటికి పోతేనే పై పొరలో బుడగలు రావు. ఇదంతా అయ్యాకే గన్ చేత్తో పట్టుకునేది.

ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి? విప్పి చూసినవాడికి. ఏ పార్టు దేనికి రాసుకుంటుందో, ఎక్కడ మందం పెరగకూడదో తెలియకుండా రంగు వేస్తే అందమైన చెత్త తయారవుతుంది. దొరస్వామి ఆ రడ్జ్ దగ్గర నేర్చుకున్నది ఇదే. బండి ఎలా ఉంటుందో కాదు, ఎందుకు అలా ఉందో.

పత్తి పోయింది, బస్సు వచ్చింది

ఆ తర్వాత కొన్నాళ్లు మెకానిక్ పని చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టి బాగానే సంపాదించాడు. ఆ డబ్బుతో బొంబాయి వెళ్లి పత్తి వ్యాపారంలో దిగాడు. అక్కడ ఆరితేరిన సేట్ల ముందు నిలబడలేక మొత్తం పోగొట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఇక్కడినుంచి గారు అని రాయాలి. ఎందుకంటే చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చినవాడు మళ్లీ మోటారు దగ్గరికే వెళ్లాడు. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉండేవారు. ఆయన సాయంతో నాయుడుగారు ఒక మోటారు బస్సు కొన్నారు. 1920లో పొల్లాచి నుంచి పళనికి ఆ బస్సు నడిపారు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. పళని అంటే మురుగన్ కొండ. మనకి అరసవల్లి, పైడితల్లమ్మ జాతర ఎలాగో వాళ్లకి పళని అలాగ. జనం వస్తూనే ఉంటారు. ఎక్కడ బస్సు పెట్టాలో ఆయనకి తెలిసింది.

ఒక్క బస్సు కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యూఎంఎస్ అని పిలిచేవారు. దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా దానికి పేరు వచ్చింది. 1933లో ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా బస్ స్టాండు కట్టించారు. టికెట్లు ఇచ్చే యంత్రం తయారు చేయించారు. అప్పటిదాకా బస్సు అంటే నిండినప్పుడు కదిలేది. పల్లెల్లో ఆటో ఇప్పటికీ అలాగే కదులుతుంది, మనకి తెలియనిదా? బస్సుకి టైము అన్నది ఒకటి ఉండాలని పట్టుబట్టిన తొలితరం యజమానుల్లో ఆయన ఒకరు.

ఆయన చేసిన వస్తువుల జాబితా చదివి అందరూ ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఈ బస్సుల కథే పెద్దది అనిపిస్తుంది. ఒక యంత్రాన్ని ఒకసారి నడిపించి చూపించడం వేరు. వందల యంత్రాలని రోజూ, వానలో, ఎండలో, తెల్లవారుజామున అదే టైముకి నడిపించడం వేరు. రెండోదానికి విప్పడం తెలిస్తే చాలదు. వర్క్‌షాప్ కావాలి, స్పేర్లు కావాలి, నేర్పిన మెకానిక్కులు కావాలి, లెక్కలు కావాలి. మూడో తరగతి స్థాయి చదువు చదివిన మనిషి దాన్ని కట్టారు.

చిన్న మోటారు, పెద్ద మోటారు

డబ్బు వచ్చాక నాయుడుగారు ఇల్లు కట్టుకుని కూర్చోలేదు. విదేశాలు తిరిగారు. జర్మనీ అంటే ఆయనకి ప్రత్యేకమైన ఇష్టం. అక్కడి వర్క్‌షాపులు చూసి వచ్చి ఇక్కడ చిన్న చిన్న వస్తువుల మీద పడ్డారు. రసంత్ అనే ఎలక్ట్రిక్ రేజరు అందులో బాగా పేరు పొందింది. మామూలు సెల్లులతో తిరిగే చిన్న మోటారు దాని గుండెకాయ. చాలా పలచని షేవింగు బ్లేడ్లు, పళ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఎవరూ తారుమారు చెయ్యలేని ఓటు యంత్రం, కెమెరాకి దూరం సరిచేసే పరికరం, ఇలా పోతూనే ఉంటుంది. 1941లో అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. ఫొటోలు, సినిమా తియ్యడం ఇంకో పిచ్చి. 1936లో లండన్‌లో అయిదో జార్జి రాజు అంత్యక్రియల్ని తన కెమెరాతో చిత్రీకరించారు. ఆ దశాబ్దంలోనే మద్రాసు ప్రొవిన్షియల్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా.

వీటిలో మన జీవితాలకి బాగా దగ్గరైనది 1937లో జరిగింది. డి. బాలసుందరం నాయుడు అనే ఇంకో ఇంజినీరుతో కలిసి కోయంబత్తూరు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి ఒక ఎలక్ట్రిక్ మోటారు బయటికి తెచ్చారు. మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు అదేనని చెప్తారు. ఇప్పుడు కోయంబత్తూరు అంటే మోటార్లకీ, పంపులకీ పెట్టింది పేరు. మన పొలాల్లో బోరు మీద ఉన్న మోటారు పేరుపలక చూడండి. చాలాసార్లు అందులో కోయంబత్తూరు అని ఉంటుంది. ఆ ఊరు అలా తయారవ్వడానికి వేసిన మొదటి అడుగుల్లో ఇది ఒకటి.

పొలాన్నీ ఆయన వదల్లేదు. పది అడుగుల పత్తి చెట్లు, కొత్త రకం బొప్పాయి పెంచారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటి వాళ్లు ఆయన తోటలు చూడడానికి వెళ్లారు.

రెండేళ్లు చాలన్న ప్రిన్సిపాల్

ఇప్పుడు మనకి సూటిగా తగిలే భాగం. 1944లో నాయుడుగారు బస్సుల వ్యాపారం రోజువారీ పనుల నుంచి తప్పుకున్నారు. పరిశోధన చేసే విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు, తన దగ్గర పనిచేసేవాళ్లకి సంక్షేమ పథకాలు ప్రకటించారు. ఆ మరుసటి ఏడు, 1945లో ఆయన చొరవతో, ఆయన ఇచ్చిన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దాని వెంటే ఇంజినీరింగు కాలేజీ వచ్చాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ కాలేజీయే ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. కోయంబత్తూరులో హోప్స్ అనే బస్ స్టాపు ఇప్పటికీ ఉంది. పేరు అలాగే మిగిలిపోయింది.

ప్రిన్సిపాల్ ఎవరు? బడిలో ఇసుక చల్లి పారిపోయిన దొరస్వామి. ఇంజినీరింగు కాలేజీకి డిగ్రీ లేని మనిషి ప్రిన్సిపాల్. ఆయన అభిప్రాయం ఏమిటంటే నాలుగేళ్ల కోర్సు కాలం వృథా. ఇంజినీరింగు నేర్పడానికి రెండేళ్లు చాలు, మిగతాది పనిలో నేర్చుకుంటారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తగ్గలేదు. పదవి వదిలేసి వెళ్లిపోయారు.

ఇది చదవగానే మనలో సగం మంది చప్పట్లు కొడతారని తెలుసు. రికార్డులు కాపీ చేస్తూ సెమిస్టరు గడిపినవాళ్లు ఎవరైనా కొడతారు. నేను మాత్రం ఇక్కడ ఆయనతో పూర్తిగా కలవను.

మా పనిలోంచే ఒక ఉదాహరణ. పౌడరు వేసిన పార్టుని సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు, కొన్ని పౌడర్లకి ఇరవై నిమిషాలు కాల్చాలి. లెక్క పెట్టాల్సింది ఓవెన్ వేడెక్కినప్పటి నుంచి కాదు, పార్టు లోహం ఆ వేడికి చేరినప్పటి నుంచి. ఇది చేస్తూ చేస్తూ నేర్చుకోవచ్చు. కానీ అలాయ్ చక్రాన్ని ఆ వేడిలో మళ్లీ మళ్లీ, గంటల తరబడి ఉంచితే ఏమవుతుంది? బయటికి ఏమీ కనపడదు. రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపల మాత్రం వేడి చికిత్సతో వచ్చిన బలం తగ్గిపోతుంది. గాట్‌లో స్పీడుగా వెళ్తున్నప్పుడు అది బయటపడితే నేర్చుకోవడానికి మనిషి ఉండడు. ఇది విప్పి చూస్తే తెలిసేది కాదు. మెటలర్జీ క్లాసులో అల్యూమినియం ఏజింగ్ గురించి విన్నవాడికే తెలుస్తుంది. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బరుని ఓవెన్‌లో పెడితే పేలుతుందని కూడా అనుభవంతో నేర్చుకునే విషయం కాదు కదా.

అంటే ఆయన తప్పు, మన సిలబస్ ఒప్పు అని కాదు. ఆయన అడిగిన ప్రశ్న ఇంకా బతికే ఉంది. నాలుగేళ్లలో చేత్తో పట్టుకున్న పని ఎంత? నాలుగేళ్లు ఎక్కువా తక్కువా అని కాకుండా, ఆ నాలుగేళ్లలో ఎన్ని బోల్టులు విప్పాం అని అడిగితే మనలో చాలామందికి జవాబు కష్టం. ఇంట్లోవాళ్లు అప్పు చేసి చదివిస్తున్నారు. ప్లేస్‌మెంటు వస్తుందా రాదా అన్న బెంగతోనే మూడో ఏడు గడిచిపోతుంది. అలాంటప్పుడు పార్టులకి రంగులేసుకోవడం వేళాకోళంలా కనిపిస్తుంది. ఏటి పనిది, ఉద్యోగం తెస్తాదా అని మా పెద్దవాళ్లూ అడుగుతారు. నాయుడుగారి జీవితం నాకు చెప్పిన జవాబు ఇది: క్లాసు చెప్పేది ఎందుకు అన్నది, చెయ్యి చెప్పేది ఎలా అన్నది. ఆయనకి రెండోది పుష్కలంగా ఉంది, మొదటిదానికి జీవితమంతా సొంతంగా దారి వెతుక్కున్నారు. మనకి మొదటిది ఇస్తున్నారు. రెండోది మనమే వెతుక్కోవాలి.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడుగారు రెండు సీట్ల పెట్రోలు కారు చేశారు. ధర 2,000 రూపాయలు అన్నారు. మామూలు మనిషి కొనగలిగిన కారు కావాలన్నది ఆయన కోరిక. అప్పటికి దేశంలో కార్లు చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఏ పరిశ్రమ ఏం చెయ్యాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు రావాల్సిన రోజులు మొదలయ్యాయి. ఆ లైసెన్సు రాలేదు. తయారీ ఆగిపోయింది.

కారు పిచ్చి ఉన్న ఎవరికైనా ఇది గుండెల్లో గుచ్చుకునే విషయమే. నానో అనే మాట పుట్టడానికి అరవై ఏళ్లకి దగ్గర దగ్గరగా ముందు, కోయంబత్తూరులో ఒక తెలుగాయన ఆ ఆలోచన చేశారు. ఆ కారు రోడ్డెక్కి ఉంటే ఎంత దూరం నడిచేదో, ఎన్ని రిపేర్లు వచ్చేవో, నిజంగా 2,000కే అమ్మగలిగేవారో మనం చెప్పలేం. దాన్ని తేల్చేది రోడ్డు ఒక్కటే. ఆ పరీక్షకే అవకాశం దొరకలేదు.

ఒక కాలం ముచ్చట. సరిగ్గా ఆ 1950ల మొదట్లోనే జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే శాస్త్రవేత్త పౌడర్ కోటింగ్‌కి దారి వేస్తున్నారు. తొట్టిలో పొడి పోసి, కింది నుంచి గాలి పంపితే పొడి నీళ్లలా తేలుతుంది. బాగా వేడి చేసిన పార్టుని అందులో ముంచితే పొడి అంటుకుని కరిగి పొర అవుతుంది. ఇప్పుడు మనం వాడే పద్ధతి, గన్‌తో పొడికి చార్జి ఎక్కించి ఎర్త్ చేసిన లోహానికి అంటించేది, 1960ల్లో వ్యాపించింది. నాయుడుగారి రడ్జ్ కాలంలో బండ్లకి ఎనామిల్ పూసి పొయ్యిలో కాల్చేవారు. ఆ పొయ్యికి మన ఓవెన్ మనవడు.

కారు ఆగిపోయినా ఆయన ఊరుకోలేదు. పునాది నుంచి కప్పు దాకా పదకొండు గంటల్లో ఇల్లు కట్టించి చూపించారు. పన్నులు ఎక్కువయ్యాయని కోపం వచ్చి, తాను చేసిన వస్తువులని జనం ముందే పగలగొట్టారు. చేసినవాడే పగలగొట్టడం చూడలేని దృశ్యం అయ్యుంటుంది. 1974 జనవరి 4న ఆయన పోయారు.

ఏది నిలబడింది

గన్‌తో పౌడరు వేశాక పార్టు చూడడానికి పూర్తయిపోయినట్టే ఉంటుంది. వేలు తగిలితే మాత్రం రాలిపోతుంది. ఓవెన్‌లో కాలితేనే ఆ పొడి కరిగి, అణువులు ఒకదానికొకటి ముడిపడి, గట్టి పొర అవుతుంది. దాన్ని క్యూరింగ్ అంటాం. నాయుడుగారి పనుల్ని ఈ కళ్లతో చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. బస్సులు క్యూర్ అయ్యాయి, ఏళ్ల తరబడి రోజూ నడిచాయి కాబట్టి. మోటార్లు క్యూర్ అయ్యాయి, ఒక ఊరంతా ఆ పని అందుకుంది కాబట్టి. కాలేజీ నిలబడింది, ఆయన వెళ్లిపోయాక వేరేవాళ్లు నడిపారు కాబట్టి. కారు నిలబడలేదు. అయిదు వాల్వుల రేడియో ఇంటింటికీ రాలేదు.

తప్పంతా ప్రభుత్వానిదే అనడం సులువు. లైసెన్సుల రోజులు నిజమే. ఆయన గుణం కూడా కొంత ఉంది. ఒకటి తేలకముందే ఇంకోదాని మీదికి పోయే మనిషి. మాట చెల్లకపోతే లేచి వెళ్లిపోయే మనిషి. ఆ గుణమే ఆయన్ని హోటలు నుంచి బస్సుల దాకా తెచ్చింది, ఆ గుణమే కొన్ని పనుల్ని మధ్యలో వదిలేయించింది. దేవుడి పటంలా గోడకి తగిలించకుండా ఇలా చూస్తేనే ఆయన మనకి ఉపయోగపడతారు. ఎక్కువమందిని కలుపుకుపోయిన చోట ఆయన పని నిలిచింది. ఒంటరిగా పోరాడిన చోట ప్రదర్శనలో వస్తువుగా మిగిలింది.

ఆ ప్రదర్శన కూడా చూడాల్సిందే. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరున ఉన్న ట్రస్టు శాశ్వత పారిశ్రామిక ప్రదర్శన నడుపుతోంది. ఆయన యంత్రాలు అక్కడ ఉన్నాయి. పక్కనే 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. ప్రపంచంలోని పాత కార్లు వరసగా ఉంటాయి. ఇంటర్వ్యూకో, ప్రాజెక్టు పనికో ఆ వైపు వెళ్లేవాళ్లు సగం రోజు మిగుల్చుకోండి. కార్ల మీది రంగు, వంపుల దగ్గర పొర మందం, క్రోమ్ అంచులు దగ్గర్నుంచి చూడండి. మా గుంపులో ఎవరికైనా అది గుడికి వెళ్లినట్టే.

మన వైపు మాటకొస్తే లోహాన్ని మెరిపించడం మనకి కొత్త విద్య కాదు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు సామాన్లకి ఎప్పటినుంచో పేరుంది. మన అమ్మమ్మలు చింతపండుతో బిందె తోమినప్పుడు చేసింది కూడా మేం యాసిడ్‌తో చేసే పనే, పై చిలుము తీసి అసలు లోహాన్ని బయటపెట్టడం. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇళ్లున్నవాళ్ల బళ్లు చూడండి. ఉప్పుగాలికి రెండేళ్లలో సైలెన్సరు, స్టాండు, చెయిన్ కవరు ఎర్రబడిపోతాయి. పౌడర్ కోటింగ్ ఇక్కడ షోకు మాత్రమే కాదు, అవసరం కూడా. ఎండలో ఉండే పార్టుకి ఎపాక్సీ పౌడరు వెయ్యకండి, కొన్నాళ్లకి సుద్దలా తేలిపోతుంది. పాలియెస్టరు వెయ్యండి. వానాకాలంలో పౌడరు డబ్బా మూత బిగించి ఉంచండి, తేమ తగిలితే ఉండలు కట్టి గన్‌కి అడ్డం పడుతుంది. పౌడరుకి వాడిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకండి. గాలిలో దట్టంగా లేచిన పౌడరుకి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, మూసిన గదిలో చెయ్యకండి. మాస్కు లేకుండా గన్ ముట్టుకోకండి.

నాయుడుగారి దగ్గర నుంచి మా గుంపు తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. ఒక పార్టు మొదలుపెడితే అది తిరిగి బండికి బిగించి రోడ్డు మీద నడిచేదాకా రెండోది ముట్టుకోము. ప్రతి పార్టుకీ ఒక అట్టముక్క కట్టి, ఏం ఊడదీశామో, ఎంత వేడిలో ఎంతసేపు కాల్చామో రాస్తాం. మేం పాసై వెళ్లిపోయినా వెనక వచ్చేవాళ్లకి ఆ అట్టలు మిగులుతాయి. బ్రాంచి ఏదైనా పర్వాలేదు, ఆసక్తి ఉన్నవాళ్లు రండి. గన్ మాత్రం మొదటి రోజే చేతికి ఇవ్వం. ముందు తుప్పు గీకాలి.